తుత్తునాగం విభూతి

మా అత్తగారికి కొలిమి గది అంటే దేవుడి గదే. చెప్పులతో ఎవరైనా గడప తొక్కితే వాళ్ల పని అయినట్టే. ఆవిడ భక్తి ఎంత దూరం వెళ్లగలదో నేను నరసాపురం కోడలిగా వచ్చిన కొత్తలోనే చూశాను.

మూలపడ్డ ఆవిరి పడవ సామాను అమ్ముతుంటే మామగారు లంగరు గొలుసొకటి తెచ్చారు. తుప్పు పట్టకుండా దానికి తుత్తునాగం, అదే జింకు, పూత పూసి ఉంది. మర్నాడు పొద్దున్న ఒక జాలరి పెద్దాయన కొత్త పడవ నీళ్లలోకి దిగాలి. ఆ గొలుసు కాల్చి, సాగగొట్టి, పడవ ముక్కుకి పట్టీలు చెయ్యాలని మామగారి ఆలోచన. ఆఖరి మేకు కమ్మరి చేత్తోనే పడాలి. అది పడకపోతే పడవ కదలదు.

గొలుసు ఎర్రబడేసరికి ఆ పూత కాలి, కొలిమిలోంచి తెల్లటి పొగ లేచింది. దూదిపింజల్లాంటి బూడిద ఎగిరి మా తలల మీద వాలింది. నల్లబొగ్గులోంచి అంత తెల్లటి బూడిద! అత్తగారు రెండు చేతులూ జోడించి, విశ్వకర్మే విభూతి పంపాడన్నారు. అది గాలికి పోకూడదని గబగబా తలుపూ కిటికీ మూసి, పళ్లెంలోకి ఎత్తడం మొదలుపెట్టారు. కాసేపటికి మా ఇద్దరికీ దగ్గొచ్చి బయటపడ్డాం. భక్తి ఆవిడది, పొగ మామగారిది. పాపం, ఆయన మూసిన తలుపుల మధ్యే తిత్తి లాక్కుంటూ పట్టీలన్నీ పూర్తి చేశారు.

సాయంత్రానికి ఆయనకి చలి పట్టుకుంది. నోరంతా తియ్యగా ఉందన్నారు. ఉన్న దుప్పట్లన్నీ కప్పినా మంచం గడగడా ఊగింది. జాలరాయన వచ్చి చూశాడు. ముహూర్తం మాట ఎత్తడానికి మొహమాటపడి, గుమ్మంలోంచే వెళ్లిపోయాడు.

అత్తగారు ఆయన కాళ్లు రాస్తూ, "తలుపు నేనే మూశానే," అన్నారు నాతో. గొంతు తగ్గించి ఎరగని మనిషి. నాకు ఏడుపొచ్చింది.

తెల్లారేసరికి మామగారు లేచి కూర్చుని, చద్దన్నంలోకి ఉల్లిపాయ ఉందా అని అడిగారు. జ్వరం జాడ లేదు. జింకు పొగ తెచ్చే జ్వరం ఒక్క రాత్రిదేనట, తరవాత తెలిసింది. అత్తగారు ఆయన్ని తిట్టిన తిట్లకి వీధంతా నవ్వింది. అంత సంబరం నేను ఏ పెళ్లిలోనూ చూడలేదు.

రేవులో ఆయన ఆఖరి మేకు రెండే దెబ్బల్లో దించారు. విభూతి సంగతి ఊళ్లో విన్న జాలరాయన పొంగిపోయి, మీ ఆయన్ని బతికించింది ఆ విభూతే, పడవకీ చిటికెడు పెట్టండమ్మగారూ అని బతిమాలాడు.

అత్తగారు మామగారి వైపు ఒకసారి చూశారు.

"అది పొద్దున్నే గోదాట్లో కలిపేశాను బాబూ. ఇంక విశ్వకర్మే వచ్చి కొలిమిలో కూర్చున్నా సరే, ఈయన లోపలుండగా నేను తలుపు ముయ్యను."