సులోచన టీచరమ్మకు కనిపించిన పెళ్ళి

ఒక చావు రోజున నేను వెలగబెట్టిన నిర్వాకం చెబుతాను. నవ్వు వస్తే నవ్వండి, నేనేమీ అనుకోను. నాకు మాత్రం ఆ నవ్వు గొంతు దాకా వచ్చి ఆగిపోతుంది.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్ళు. మారతహళ్ళిలో ఒక చిన్న కంపెనీలో డొమైన్ రికార్డులు చూసే ఉద్యోగం. అవేమిటంటారా? మీరు వెబ్‌సైటు పేరు కొట్టగానే, "ఈ పేరు గలవాళ్ళు ఫలానా కంప్యూటర్లో ఉన్నారు, అటు వెళ్ళండి" అని దారి చెప్పే చీటీలు. వాటిని మౌసుతో నొక్కి హాయిగా మార్చుకోవచ్చు. కానీ మౌసు పట్టుకునేవాళ్ళంటే నాకు చులకన. నల్లటి తెర, తెల్లటి అక్షరాలు, ఒకే ఒక్క కమాండు! వెనక ఎవరైనా నిలబడి చూస్తుంటే ఇంకా గట్టిగా కొట్టేవాణ్ణి.

మా కాడుగోడి చర్చి వెబ్‌సైటు కూడా నా చేతిలోనే ఉండేది. ఎవరూ అప్పజెప్పలేదు, నేనే తీసుకున్నాను.

ఆ ఏడాది వానల్లో రత్నమ్మగారు పోయారు. నర్సుగా పనిచేసి, కాడుగోడిలో సగం మందికి సూదులు పొడిచిన మనిషి. ఆమె చెల్లెలు సులోచన టీచరమ్మ, సండే స్కూల్లో నా చెవి మెలిపెట్టిన గురువు. తుంటి ఎముకకు ఆపరేషనై, సర్జాపుర రోడ్డులో కొడుకు ఫ్లాటులో మంచం మీద ఉన్నారు. కదలకూడదు. పొద్దున్నే ఫోనులో పోట్లాడుకోనిదే ఆ అక్కాచెల్లెళ్ళకు కాఫీ దిగేది కాదు. ఇప్పుడు టీచరమ్మ కోరింది ఒక్కటే, పెట్టె మూత వేయకముందు అక్క ముఖం ఒకసారి చూడాలని.

వీడియో కాల్ చేస్తే సరిపోయేది కదా అంటారు. అక్కడే ఉంది చిక్కు. అంతకుముందు ఒక భూస్థాపనలో జనం పెట్టె మీదికి వంగి సెల్ఫీలు తీసుకుంటే మా అయ్యగారికి, అంటే పాస్టరుగారికి, చిర్రెత్తింది. పెట్టె దగ్గర ఎవరూ ఫోను ఎత్తకూడదని కట్టడి చేశారు. బదులుగా ఒక మూల కెమెరా పెట్టి లైవు ఇస్తారు. టీచరమ్మ ట్యాబులో చర్చి వెబ్‌సైటుకు ఒక బొమ్మ పెట్టి ఉంది, ఆమెకు అది నొక్కడం ఒక్కటే తెలుసు.

"ప్రసాదూ, ఆ బొమ్మ నొక్కితే లైవే వచ్చేటట్ల చెయ్యప్పా," అన్నారు అయ్యగారు.

"ఎంతసేపు అయ్యగారూ! ఒక్క కమాండు."

ఆ ఒక్క కమాండుకు ముందు ఒక ఫైలు రాయాలి. రాశాను. దానికి "కొత్తది" అని పేరు పెట్టాను. ముందురోజే ఆఫీసులో ఒక కల్యాణ మంటపం వాళ్ళ పెళ్ళి లైవుకు రాసిన ఫైలు కూడా అక్కడే ఉంది. దాని పేరు "కొత్తది రెండు". మీకు అర్థమైపోయింది కదా? నాకు కాలేదు.

మార్చబోయే ముందు ఆ కమాండు పాపం, "ఇవి తీసేసి ఇవి పెడుతున్నాను, సరేనా?" అని అడుగుతుంది. అలా అడగడం నాకు అవమానంగా ఉండేది. అడగొద్దని ముందే చెప్పి కొట్టాను. నా లాప్‌టాపులో తెరిచి చూస్తే చర్చి పాత పేజీయే కనిపించింది. అది పాత దారిని గుర్తుపెట్టుకుని చూపిస్తోందని తెలుసు కాబట్టి ఏమాత్రం కంగారుపడలేదు. పైగా టీచరమ్మకు ఫోను చేశాను. "ఒకసారి తెరిచి చూడండి టీచరమ్మా, అంతా సరిగ్గా ఉందో లేదో."

ఆమె బొమ్మ నొక్కారు. తరవాత ఫోనులోంచి సన్నాయి మోగింది.

"పెండ్లి జరుగుతా ఉండాదప్పా," అన్నారామె మెల్లగా. "పెండ్లికూతురు నవ్వుతా ఉండాది. మా అక్క యాడుందప్పా?"

నేను పెట్టింది కల్యాణ మంటపం ఫైలు. పావుగంటలో తప్పు దొరికింది, సరైన ఫైలు పెట్టాను. మూడింటికి కూడిక మొదలైంది. చర్చి బయట నిలబడ్డవాళ్ళందరి ఫోనుల్లోనూ లైవు అద్దంలా కనిపిస్తోంది. పది అడుగులు వేస్తే పెట్టె దగ్గరికి వెళ్ళగలిగినవాళ్ళు కూడా ఫోనులో చూస్తున్నారు. సర్జాపురలో మాత్రం పెళ్ళి సాగుతూనే ఉంది.

ఎందుకంటే, ఒకసారి చూపిన దారిని ఎంతసేపు గుర్తుపెట్టుకోవాలో కూడా ఆ చీటీలోనే రాస్తారు. ఊరికే మాటిమాటికీ అడగకుండా ఉంటారని నేను ఒక రోజంతా అని రాసి ఉన్నాను. ఆ పావుగంటలో తెరిచి చూసింది టీచరమ్మ ఒక్కరే. తెరవమన్నది నేను.

"రౌటరు ఆపి మళ్ళీ వేయమనండి," అన్నాను టీచరమ్మకు ఫోను చేసి. వాళ్ళ ఇంట్లో వాళ్ళంతా ఇక్కడ చర్చిలోనే ఉన్నారు, అక్కడ ఉన్నది ఆయా ఒక్కతే. ఆమె మెయిన్ స్విచ్చే ఆపేసింది. ఫ్యాను, ఫ్రిజ్జు, వైఫై, అన్నీ పోయాయి. మళ్ళీ వేసింది. మళ్ళీ సన్నాయి. తప్పు దారి గుర్తుపెట్టుకున్నది ఇంట్లో డబ్బా కాదు, ఇంటర్నెట్ కంపెనీవాళ్ళ కంప్యూటరు.

"ఏమప్పా, ఇంగ ఎంతసేపు?" అయ్యగారు నా చెవిలో అడిగారు.

"స్వల్ప ఆగండి అయ్యగారూ. దారి మారాల."

మూడు పాటలనుకున్నవి తొమ్మిదయ్యాయి. పాటలు నడిపించే కమలక్క నా దగ్గరికి వచ్చి, "అబ్బీ, గొంతు పూడుకపోయింది. ఉన్న పాటలన్నీ అయిపాయె. ఇంగ క్రిస్మస్ పాటలే ఉండేది," అంది. వాన పెరిగింది. తరవాత ఇంకో భూస్థాపన ఉందని సమాధుల తోట నుంచి రెండుసార్లు ఫోను వచ్చింది. అయ్యగారు నా వైపు చూశారు. నేను తెర వైపు చూశాను. ఆయన కళ్ళు మూసుకుని తల ఊపారు. పెట్టె మూత వేసి మరలు బిగించారు.

అప్పుడు మోగింది నా ఫోను. టీచరమ్మ.

"ప్రసాదూ, నీ కంప్యూటరు అట్లుండనీ. నీ ఫోన్లో వీడియో కాలు రాదా నాయనా?"

 ఆ ఫోను నా చేతిలోంచి అయ్యగారు లాక్కున్నారు. తను పెట్టిన కట్టడిని తనే మీరి, వీడియో కాలు కలిపి పెట్టె మీదికి పట్టారు. తెరలో టీచరమ్మ ముఖం, ఇటు చెక్క మూత, దాని మీద తడిసిన చామంతులు. 

"అక్కా, పోయి రాక్కా," అన్నారామె, మూతతోనే. "పొద్దున నువ్వు ఫోను చేయకపోతే నాకు బాగుండదే."

నేను చర్చి వెనక పంపు దగ్గరికి పోయి ఏడ్చాను.

నెల తరవాత బిస్కెట్ల పొట్లం పట్టుకుని సర్జాపుర వెళ్ళాను. టీచరమ్మ వాకరు పట్టుకుని నిలబడి ఉన్నారు. "తప్పయిపోయింది టీచరమ్మా," అన్నాను. ఆమె చెయ్యి పైకి లేచింది. చెవి అనుకున్నాను, తల నిమిరారు.

"మా అక్క పెండ్లిలో సన్నాయి లేదప్పా. ఆ పొద్దు ఆ పెండ్లంతా చూస్తా అదే అనుకుంటా ఉంటి," అన్నారు. ఆపైన, నేను చెవి మెలిపెట్టించుకున్న రోజుల గొంతుతో అన్నారు. "నేను పోయిన దినం మాత్రం నువ్వు కంప్యూటరు ముట్టుకోవద్దు. వచ్చి పెట్టెకు ఒక మూల పట్టుకో. అంతే నీ పని."

బిస్కెట్ల పొట్లం సాక్షిగా, ఆయా సాక్షిగా కుడిచెయ్యి ఎత్తి ప్రమాణం చేశాను. చావు రోజున నల్ల తెర తెరవను. ఏ ఫైలుకూ "కొత్తది" అని పేరు పెట్టను. కమాండు "సరేనా?" అని అడిగితే పెద్దలు అడిగినట్టే నిలబడి జవాబు చెబుతాను. పెట్టె మూల పట్టుకునే ఆ మాట కూడా తప్పను, భుజం సిద్ధంగానే ఉంది. కానీ ఆ పని ఇంకా చాలా ఏళ్ళు రాకూడదని, ఇప్పుడు రోజూ పొద్దున్నే టీచరమ్మకు ఫోను చేసి పోట్లాడుతున్నాను.