తెర మీద బొంత పరిచిన తమ్ముడు

మా తమ్ముడు పోయాడని మరదలు ఫోన్ చేసినప్పుడు నేను బోధన్‌లో మా ఇంటి వసారాలో సూదికి దారం ఎక్కిస్తున్నాను. నిజామాబాద్‌లో తను కంప్యూటర్ పాఠాలు చెప్పే కాలేజీ మెట్లు ఎక్కుతూ కూలబడ్డాడట. ఆసుపత్రికి చేర్చేసరికే ప్రాణం పోయిందట. "వదినె, ఆయన ఇంక లేడు" అని మరదలు రెండోసారి అన్నాక గానీ నాకు తలకెక్కలేదు. దేవుణ్ని తలుచుకున్నాను. తర్వాత నా నోట వచ్చిన మాట ఏడుపు కాదు, తిట్టు. "పని సగంల ఇడిసి పోయినవా రా?" అన్నాను.

ఆ పని ఏమిటో చెప్పాలి. లేకపోతే వాడి గురించి చెప్పినట్టు కాదు.

నేనూ, మా ఎదురింటి పెద్దమ్మా బొంతలు కుడతాం. పాత చీరలు, ధోవతులు జనం తెచ్చి ఇస్తారు. వాటిని ముక్కలుగా కోసి, రంగులు కలిసేలా అతికి, కింద మెత్తటి గుడ్డ పొరలు పెట్టి కుట్టి ఇస్తాం. మహారాష్ట్ర వైపు నుంచి వచ్చేవాళ్లు దీన్ని గోధడి అంటారు. పుట్టిన బిడ్డ కింద కొత్త గుడ్డ వేయరు. ఎవరో ఒకరు ఏళ్ల తరబడి కట్టి, ఉతికి, మెత్తబడిన గుడ్డే వేయాలి. అందుకే బిడ్డను మొదటిసారి ఊయలలో వేసే తొట్టెల పండుగకు మా దగ్గర బొంత అడిగేవాళ్లు ఎక్కువ.

ఒక వేసవి సెలవుల్లో తమ్ముడు మా ఇంటికి వచ్చాడు. మేము ముక్కలన్నీ నేల మీద పరిచి, ఇది అటు, అది ఇటు అని వాదించుకుంటున్నాం. ఫ్యాన్ గాలికి ముక్కలు ఎగురుతున్నాయి. వాడు గడప మీద నిలబడి చాలాసేపు చూశాడు.

"అక్కా, గివన్నీ స్క్రీన్ మీద పెట్టి సూసుకుంటే అయిపాయె. కోసినంక పరేషాన్ ఉండది."

"ఫ్యాన్ బంద్ చేసినా అయిపాయె" అన్నాను.

నా మాట వినలేదు. చిన్నప్పటి నుంచీ అంతే. వాడికి ఒకటి తోస్తే, అది వాడి చేతుల మీదుగా తయారవ్వాల్సిందే. చుట్టూ ఉన్నవాళ్లు దానికి తాళం వేయాల్సిందే.

కొన్నాళ్లకు ఒక ఆదివారం ఫోన్ చేసి అర్జంటుగా రమ్మన్నాడు. ఏం ఉపద్రవమోనని పూజ మధ్యలో లేచి బస్సెక్కాను. వెళ్లేసరికి ల్యాప్‌టాప్ ముందు కుర్చీ వేసి ఉంది. తెర మీద, బొంత ముక్కలు పేర్చడానికి వాడు సొంతంగా రాస్తున్న ప్రోగ్రాంలో, ఒక నీలం చదరం ఉంది. అంతే.

"పట్టుకో అక్కా. మౌస్ నొక్కి పట్టి లాగు."

లాగాను. జరిగింది.

"ఇంకేమైతది?" అన్నాను.

"ఇంకేమైతది అంటవేంది! పట్టుకుంటే వస్తుంది గదా!"

"మా ఇంట్ల పీట గూడ పట్టుకుంటే వస్తది. గీ ముచ్చటకా నన్ను ఎండల పిలిసినవ్?"

వంటింట్లోంచి మరదలి నవ్వు. "నాకు పొద్దటి సంది సూపెడుతనే ఉన్నడు వదినె. నీకు ఒక్క మాటుతోనే ఇడిసిండు, నీ అదృష్టం."

ఆ చదరం అక్కడితో ఆగలేదు. ముక్క మీద నొక్కితే దాని మూలల్లో, పక్కల్లో నువ్వుగింజలంత గళ్లు వచ్చేలా చేశాడు. మూల గడిని లాగితే ముక్క పెరుగుతుంది. పైన విడిగా ఒక గడి ఉండేది, దాన్ని తిప్పితే ముక్క తిరుగుతుంది. చదరం తర్వాత గుండ్రం, గుండ్రం తర్వాత మూడు మూలల ముక్క. ఆ మూడు మూలల ముక్కతో మాకు ప్రాణం విసిగింది. దాని పక్కన ఖాళీగా ఉన్న చోట నొక్కినా అదే చేతికి వచ్చేది. ముక్క చుట్టూ కంటికి కనబడని నలుచదరం పెట్టె ఉంటుందట, ఆ పెట్టెలో ఎక్కడ నొక్కినా ముక్కనే నొక్కినట్టు అనుకుంటుందట.

"గోడ అవతల నిలబడ్డోణ్ని గూడ ఇంట్ల మనిషే అనుకుంటుందా నీ డబ్బా?" అని పెద్దమ్మ అడిగింది.

"అచ్చం గదే తప్పు పెద్దమ్మా!" అని వాడు సంబరపడిపోయాడు. తిట్టిన మనిషికి దండం పెట్టేవాడిని నేను వాణ్నొక్కణ్నే చూశాను. ఆ తప్పు దిద్దడానికి మళ్లీ కొన్ని వారాలు.

వాడి అలవాట్లన్నీ ఆ తెర చుట్టూ చేరాయి. చాయ్ కప్పు పక్కన పెట్టుకుని తాగడం మరిచిపోయేవాడు. మీగడ కట్టాక వేలితో తీసి, మళ్లీ వెచ్చబెట్టమని మరదలికి పంపేవాడు. మాట్లాడుతూ మాట్లాడుతూ బల్ల మీద వేలితో మూలలు గీసేవాడు. మా నాన్న, బాపు సంవత్సరీకం రోజు పంక్తిలో అందరి విస్తళ్లూ వరసగా ఉన్నాయో లేదో వంగి చూస్తూ, ఒక్కొక్కటీ సర్దుకుంటూ పోయాడు. వడ్డించేవాళ్లు గిన్నెలు పట్టుకుని నిలబడ్డారు. "బాపు వచ్చి తినిపోయిండు గానీ నువ్వు ఇంక కూసుంటలేవ్" అని నేను అరిచాక కూర్చున్నాడు.

ఎప్పుడు అడిగినా ఒకటే జవాబు. "గింతే మిగిలింది అక్కా." బొటనవేలు, చూపుడువేలు దగ్గర పెట్టి ఆ గింత ఎంతో చూపించేవాడు. ఆ గింత ఏనాడూ తరగలేదు.

ఒక మీట మీద వాడికి చాలా గర్వం. దాని మీద 'వెనక్కి' అని తెలుగులో రాశాడు. నొక్కితే చివరగా చేసిన పని చెరిగిపోయి ముక్క పాత చోటికి వెళ్తుంది.

"గీ గుణం నీ కత్తెరకు లేదక్కా."

"కత్తెరకు సిగ్గుంది. ఒక్కసారే కోస్తది, మాట మీద నిలబడతది."

మొదటి బొంత వాడి పాత లుంగీలతోనే కుట్టాం. తెర మీద పెద్దమ్మా నేనూ ముక్కలు పేర్చాం, వాడు కొలతలు కాగితం మీదికి తీసి ఇచ్చాడు, ఆ కొలతకే కోశాం. అంతా అతికాక పరిచి చూస్తే పొట్టి. జానెడు పొట్టి. వాడు దాని మీద పడుకుంటే పాదాలు నేల మీద ఉన్నాయి.

పెద్దమ్మ చుట్టూ తిరిగి చూసింది. "సారూ, బొంత మంచిగుంది. కాళ్లు ఇంటికాడ పెట్టి రావాలె, గంతే."

అందరం నవ్వాం. వాడూ నవ్వాడు. తర్వాత ఒక్కసారిగా లేచి కూర్చుని అతుకులు తిరగేసి చూశాడు. ప్రతి ముక్క నుంచీ నాలుగు వైపులా వేలెడు వెడల్పున గుడ్డ కుట్టులోకి పోయింది. తెర మీద ముక్కకు ముక్క ఆనించి పెట్టామే గానీ, కుట్టులోకి పోయే గుడ్డ లెక్కలో లేదు.

"నువ్వు చెప్పలే" అన్నాడు నాతో.

"నువ్వు అడగలే."

నిజానికి నాకూ తోచలేదు. రోజూ కత్తెర పట్టే చెయ్యి దానంతట అదే వేలెడు వదిలి కోస్తుంది. వాడి కొలతల కాగితం చేతిలో ఉండేసరికి నా చెయ్యి కూడా ఆ వేలెడు మరిచిపోయింది. లుంగీలు కాబట్టి సరిపోయింది.

ఆ రోజుల్లోనే రెంజల్ నుంచి ఒక పిల్ల వచ్చింది. కడుపుతో ఉంది. సంచిలోంచి నేత చీర ఒకటి తీసి నా ఒళ్లో పెట్టింది. ఎర్ర అంచు, మధ్యలో వెలిసిన పసుపు రంగు.

"మా అవ్వ చీర అక్కా. అవ్వ పోయినంక గిదొక్కటే మిగిలింది. పుట్టేటోళ్లకు గిదే పరవాలె. కత్తెర పడ్డంక మళ్ల రాదు గదా, జర సూసి కోయుండ్రి."

తమ్ముడు ఆ రోజు మా ఇంట్లోనే ఉన్నాడు. ఆ పిల్ల వెళ్లాక చీర కొస పట్టుకుని చూసి, మడత పెట్టి, దేవుడి అర కింద తనే పెట్టాడు.

"గీ చీర మీద ఇప్పుడే కత్తెర పెట్టకు. నేను చెప్పినంక కొయ్యి."

అక్కణ్నుంచి మొదలైంది నా అసలు పరీక్ష. తెర మీద ప్రతి ముక్క చుట్టూ, వేలెడు ఎడంగా, సన్నటి చుక్కల గీత వచ్చేలా చేశాడు. కుట్టులోకి పోయే గుడ్డ అన్నమాట. బాగుంది, ఇక కోయనా అన్నాను. వద్దన్నాడు. ముక్కను మూల పట్టి పెంచితే చుక్కల గీత కూడా దాంతోపాటే వెడల్పవుతోందట. పెద్ద ముక్కకు నాలుగు వేళ్లు, చిన్న ముక్కకు గోరంత. "పెద్ద ముక్కకైనా చిన్న ముక్కకైనా కుట్టు ఒక్కటే గదా అక్కా! ముక్క పెరగాలె, కుట్టు పెరగొద్దు. గది దానికి ఎట్ల తెలియాలె?"

"నాకు తెలుసు గదా. నేను ఇడిసి కోస్త."

"నీకు తెలిసే లుంగీ బొంత పొట్టిదయింది."

కత్తెర మళ్లీ డబ్బాలో పడేశాను.

రెంజల్ పిల్ల మళ్లీ వచ్చింది. ఈసారి ఆయాసపడుతూ వచ్చింది. చీర చీరలాగే ఉంది. ముఖం చిన్నబుచ్చుకుని వెనక్కి తిరిగింది. ఆ పిల్ల బస్సెక్కాక నేను ఫోన్ తీశాను. నేను ఎక్కువ మాట్లాడే మనిషిని కాదు. ఆ రోజు మాట్లాడాను. నీ చాదస్తం కోసం నెలలు నిండిన పిల్లను తిప్పుతున్నావు, నువ్వు చేసేది ఎవరి కోసమో నీకన్నా గుర్తుందా అన్నాను. అవతల వాడు మొత్తం విన్నాడు.

"చీర ఒక్కటే ఉంది అక్కా" అన్నాడు చివరికి. "మన లుంగీ అయితే నవ్వినం. ఆమె వాళ్ల అవ్వ చీర పొట్టిగయితే ఎవరు నవ్వుతరు?"

నేను ఫోన్ పెట్టేశాను. వాడితో మాట్లాడింది అదే ఆఖరు.

దినాల రోజు రెంజల్ పిల్ల భర్త వచ్చాడు. ఆడపిల్ల పుట్టిందని, తొట్టెల పండుగ దగ్గర్లోనే ఉందని నెమ్మదిగా చెప్పాడు. తమ్ముడి ఫోటోకు దండం పెట్టి, భోజనం చేసి వెళ్లిపోయాడు. చీర సంగతి ఎత్తలేదు. ఎత్తి ఉంటే బాగుండేది. ఎదుటివాళ్ల మంచితనం ఒక్కోసారి అప్పులవాడి కన్నా గట్టిగా నిలబెట్టి అడుగుతుంది.

మర్నాడు తమ్ముడి కూతుర్ని, నా మేనకోడలిని, వాడి ల్యాప్‌టాప్ తెరవమన్నాను. బొంత వేళకే రెంజల్ చేరింది, చదివేవారికి ఆ బెంగ వద్దు. నేను చెప్పదలచింది ఆ పూట సంగతి.

ఎక్కడ ఆపితే అక్కడి నుంచే తెరుచుకునేలా తమ్ముడు దాన్ని చేసి పెట్టాడట. తెర మీద ఆ చీర రంగులే ఉన్నాయి. పసుపు ముక్కలన్నీ అమర్చి ఉన్నాయి, బొంత మూడు మూలల్లో ఎర్ర అంచు ముక్కలు కూర్చుని ఉన్నాయి. నాలుగో మూల ముక్క చుట్టూ మాత్రం ఆ నువ్వుగింజల గళ్లు వెలుగుతున్నాయి.

"బాపు పట్టుకున్నది అట్లనే ఉంది అత్తమ్మా" అంది మేనకోడలు. "ఆ రోజు పొద్దున కాలేజీకి పోయేముందు దీని ముందటనే కూసున్నడు."

మౌస్ తీసుకుని మూల గడి పట్టి లాగాను. ముక్క పెరిగింది. చుక్కల గీత పెరగలేదు. ఇంకా లాగాను. ముక్క అరచేయంత అయింది, పళ్లెమంత అయింది. గీత వేలెడే ఉంది. చిన్నది చేశాను. వేలెడే ఉంది.

అయిపోయింది. పని అయిపోయింది! అయిపోయిందని ఒక్క మాట చెప్పొచ్చు కదా? చదరం జరిగిందని ఎండలో బస్సెక్కించినవాడు, ఇది అయ్యాక ఎందుకు ఫోన్ చేయలేదు? సాయంత్రం చేద్దామనుకున్నాడేమో. నేను అన్న మాటలకు, అంతా సరిచూసుకుని అప్పుడు చెబుదామనుకున్నాడేమో. పక్కన మరదలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సగంలో వదిలి పోయావని ఇన్ని రోజులూ దేవుడి ముందు కూర్చుని వాణ్నే తిట్టుకున్నాను. ఆ తిట్లన్నీ ఇప్పుడు ఎక్కడ పెట్టను?

'వెనక్కి' నొక్కాను, ముక్క వాడు ఉంచిన కొలతకు వచ్చేదాకా. అప్పుడు చూశాను, అది తిన్నగా లేదు. కొద్దిగా ఎడమకు వాలి ఉంది. ప్రపంచంలోని విస్తళ్లన్నీ సరిచేసినవాడు, ఆఖరు ముక్కను వంకరగా పెట్టి పోయాడు.

"వేరే ముక్క పట్టాలంటే ముందు గిది ఇడవాలె అత్తమ్మా. పక్కన ఖాళీ జాగల నొక్కు."

  బయట రోడ్డు మీద చెరుకు ట్రాక్టర్ ఒకటి పాట పెట్టుకుని పోయింది. ఆ పాట పూర్తిగా వినబడకుండా పోయేదాకా ఆగి, తెల్లటి చోట నొక్కాను. గళ్లన్నీ ఒక్కసారే పోయాయి. ముక్క మాత్రం వాడు పెట్టిన చోటే, అదే వాలుతో ఉంది. నేను దాన్ని సరిచేయలేదు. అలాగే కోశాను, అలాగే కుట్టాను.