మరియమ్మ ముఖానికి ఊదా గుడ్డ

ఏసు సిలువ బాధలను తలచుకునే శ్రమల వారానికి ముందు చర్చిలో విగ్రహాలన్నిటికీ ఊదా గుడ్డ కప్పడం అక్కడి దర్జీ అమ్మ పని. అది కళ్లకు ఉపవాసమని నేను తిరిగిన చర్చిలన్నిటా విన్నాను. కనబడని ముఖాన్నే మనసు గట్టిగా వెతుకుతుందట. ఆ రోజు ఆమె కూతురు కాన్పు కష్టమై ఆపరేషను గదిలో ఉంది, ఇంకా కబురు లేదు. మరియమ్మ విగ్రహం దగ్గరికి వచ్చేసరికి ఆమె నిచ్చెన మీద గుడ్డ మడత విప్పకుండానే ఆగిపోయింది.

"ఈ తల్లి ముఖం ఇవాళ మూయలేను వదినా. నా బిడ్డను ఎవరు చూస్తారు?"

"ముసుగేస్తే అమ్మకు చెవుడొస్తుందా ఏంటి? నోరుందిగా, అడుగు," అంది నిచ్చెన పట్టుకున్న ఊడ్చే ఆవిడ.

దర్జీ అమ్మ గుడ్డ కప్పింది, కానీ కిందికి దిగలేదు. మాత చెవి ఎక్కడుందో గుడ్డ మీదనుంచే వేళ్లతో తడిమి, అక్కడ నోరు ఆనించి, కూతురి పేరు చెబుతూనే ఉండిపోయింది.