చర్చి చొక్కా

మా ఆస్పత్రిలో రోగి కంటే ముందు వాళ్ళ జాతి లోపలికొస్తుంది. "రాంచీ కేసు", "నికోబారీ కేసు", "తెలుగు కేసు" అంటారు. జబ్బు సంగతి ఆ తరవాత. ఈ దీవుల్లోనే పుట్టి పెరిగినదాన్ని, ఆ మాటలు నాకు చిన్నప్పటినుంచీ అలవాటే. అవి మనిషి ప్రాణం మీదికి తెస్తాయని మాత్రం ఒక శుక్రవారం మధ్యాహ్నం తెలిసొచ్చింది.

ఆ రోజు క్యాజువాలిటీలో వైద్య విద్యార్థులుగా మా బ్యాచ్ డ్యూటీ. ఆటోలోంచి ఒక మనిషిని దించి స్ట్రెచర్ మీద పడుకోబెట్టారు. ఒళ్ళంతా చెమట, నాలుక మడతపడుతోంది, కళ్ళు నిలవడం లేదు. ఒంటిమీద మాత్రం ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, గొంతుదాకా గుండీలు. అవీ ఒక కాజా తప్పి పెట్టి ఉన్నాయి. పక్కన భార్య. ఒకప్పుడు అడవి పనికి రాంచీ వైపునుంచి తెచ్చిన కూలీల మనవలు వీళ్ళు.

డ్యూటీ డాక్టరు మా తెలుగువాడే. దూరంనుంచే చూశాడు.

"రాంచీ కేసేగా. సెలైన్ పెట్టించి ఆ మూల పడుకోబెట్టమ్మా. తాగింది దిగిపోయాక అతనే లేస్తాడు."

"వో పీతే నహీ, దీదీ," అంది భార్య నాతో. ఆయన తాగడని. గొంతు పెంచలేదు. పెంచితే బయటికి పంపేస్తారని ఆమెకు తెలుసు.

వంగి వాసన చూశాను. సబ్బు వాసన తప్ప ఏమీ లేదు. నాకు ఒళ్ళు మండింది, భయమూ వేసింది. నన్ను పాస్ చేయాల్సింది ఆ డాక్టరే.

"సార్, ఒకసారి షుగర్ చూస్తాను."

"అక్కర్లేదన్నాను కదా. లోపల యాక్సిడెంట్ కేసుంది, పద."

నేను కదల్లేదు. పొద్దున ఏం తిన్నాడని ఆమెనడిగాను. ఏమీ తినలేదంది. శుక్రవారం కదా, చర్చిలో ఉపవాస ప్రార్థన. మందులేమైనా వాడతాడా అంటే, "షుగర్ కీ గోలీ. వో తో ఖాయా. డాక్టర్ సాబ్ బోలే థే, ఏక్ దిన్ భీ నహీ ఛోడ్‌నా," అంది. ఒక్కరోజు కూడా మానొద్దని మావాళ్ళే చెప్పారు, ఆయన మానలేదు. ఖాళీ కడుపుతో ఆ మాత్ర వేసుకుంటే షుగర్ పడిపోతుంది. ఆ మూలన అలాగే వదిలేస్తే ప్రాణం పోవచ్చు.

ట్రేలోంచి మీటరు తీసి ఆయన వేలు గుచ్చాను. అంకె రాలేదు, తక్కువని మాత్రం చూపించింది.

"సార్," అని గట్టిగా పిలిచాను. క్యాజువాలిటీ అంతా ఇటు తిరిగింది.

డాక్టరు వచ్చి మీటరు చూశాడు. వెంటనే నరం పట్టుకుని గ్లూకోజ్ ఎక్కించాడు. అతని చేతులు చకచకా కదిలాయి. చెడ్డవాడు కాదు, పనిమంతుడు. అదే నన్ను ఇప్పటికీ భయపెడుతుంది. భార్య స్ట్రెచర్ ఊచ పట్టుకుని పెదవులు కదుపుతూ నిలబడింది. నేనూ లోలోపల ప్రార్థనే చేసుకున్నాను.

కాసేపటికి ఆయన కళ్ళు నిలిచాయి. మా తెల్లకోట్లు చూసి, "మైనే పీ నహీ, సాబ్," అన్నాడు. తాను తాగలేదని. లేస్తూనే మొదటి మాట అది. డాక్టరు తల తిప్పుకున్నాడు.

తరవాత బయట బెంచీ మీద ఆమె పక్కన కూర్చున్నాను. ఆయన తోటపనిలో పదకొండింటికే పడిపోయాడట. మరి ఇంత ఆలస్యం ఎందుకైందని అడిగాను. ఆమె నన్ను వింతగా చూసింది. ఇంటికి మోయించుకొచ్చి, ఒళ్ళు తుడిచి, మట్టి చొక్కా విప్పి, చర్చి చొక్కా తొడిగిందట. చేతులు దూర్చడమే కష్టమైందట, గుండీలు ఏ కాజాలో పడ్డాయో చూసుకోలేదట.

"ఆ మట్టి బట్టల్లో తెస్తే మీరు ముట్టుకుంటారా, దీదీ?" అంది హిందీలో.

మా అమ్మ జంగ్లీఘాట్‌లో చేపలమ్మేది. జ్వరంతో వణుకుతున్నా సరే, ఒళ్ళు రుద్దుకుని ఆదివారం చీర కట్టుకుంటే గానీ ఆస్పత్రికి బయల్దేరేది కాదు. "నీసు వాసనొస్తే మన మాట ఎవులు ఇంటారే," అనేది.

ఇప్పుడు మా బ్యాచ్‌లో కేసు చెప్పేటప్పుడు జాతితో మొదలుపెట్టం. ఏం బాధ, ఎప్పుడు తిన్నారు, ఏ మాత్ర వేసుకున్నారు, వీటితో మొదలుపెడతాం. సీనియర్లు నవ్వుతారు. నవ్వనీ. స్పృహ లేని మనిషి ఉతికిన బట్టల్లో వస్తే, వాటిని తొడగడంలో ఎంతసేపు పోయిందోనని నేను ముందు గుండీలు చూస్తాను.