లాభం, రెండు, మూడు

మొన్న మా నల్లగండ్ల ఫ్లాట్‌లో పచ్చడి రుబ్బుతుండగా మిక్సీ కాలిపోయింది. పొగ పెద్దగా రాలేదు కానీ వాసన హాలంతా పట్టింది. రాగి తీగ మీది వార్నిష్ మాడిన వాసన అది, కాస్త తియ్యగా ఉండి గొంతులో గరగరలాడిస్తుంది. మా ఆవిడ కిటికీలు తెరుస్తుంటే నేను ప్లగ్ పీకడం మరిచిపోయి సుగుణమ్మను తలుచుకుంటూ నిలబడ్డాను. ఆమెతో నా పరిచయం మొత్తం రెండు శనివారాలు. అయినా నీకు పని నేర్పిందెవరని అడిగితే మొదట ఆమె పేరే చెబుతాను.

తొంభైల చివరి మాట. మాదాపూర్ రాళ్లగుట్టల మధ్య అద్దాల భవనాలు అప్పుడప్పుడే లేస్తున్నాయి. వాటిలో ఒకదాంట్లో ప్రోగ్రాములు రాయడం నా ఉద్యోగం. గుంటూరులో ఇంగ్లీషు మీడియం చదువు చదివి వచ్చినవాణ్ణి, ఆదివారాలు నిజాంపేటలో మా చర్చి పాటలకు గిటార్ వాయించేవాణ్ణి. ఆ ఏడాది ఈస్టర్‌కల్లా బేస్ గిటార్ నా చేత్తోనే చేస్తానని పాస్టరు గారి ముందు గొప్పలు పోయాను. టేకు చెక్కతో ఒళ్లూ మెడా కుదిరాయి, నాలుగు తంత్రులూ బిగించాను. మిగిలింది పికప్. తంత్రి వణుకును పట్టి కరెంటుగా మార్చి స్పీకరుకు పంపేది అదే. అయస్కాంతాల చుట్టూ వెంట్రుకంత సన్నటి రాగి తీగను వేల చుట్లు చుడితే అయ్యే చిన్న కాయిల్. లావు తంత్రులు రెండింటికి ఒకటి, సన్నవాటికి ఒకటి. రెండింటిలోనూ చుట్లు సమానంగా ఉంటేనే ఒకదాని రొదను ఇంకొకటి మింగేస్తుంది. నాకు కావలసిన కొలతలో ఊళ్లో ఏ కొట్లోనూ దొరకలేదు.

మా గాయక బృందంలో పాడే ప్రభాకర్ గారు జీడిమెట్లలో ఓ చిన్న యూనిట్‌కు సూపర్‌వైజర్. కరెంటు బోర్డుల్లో వాడే కాయిళ్లు అక్కడ చుడతారు. "శనివారం రండి బ్రదర్, మా సుగుణమ్మ చేత చుట్టిద్దాం" అన్నారు. వెళ్లేసరికి కిటికీ పక్క కుర్చీలో నలభై దాటిన మనిషి, చేత్తో తిప్పే యంత్రం ముందు కూర్చుని ఉంది. పన్నెండేళ్లుగా ఆ కుర్చీ ఆమెదేనట.

"ఏంది సారూ గిది, మోటరుకా?" అంది, తీగ చుట్టడానికి నేను తెచ్చిన అచ్చును తిప్పి చూస్తూ.

"కాదండీ, గిటారుకి."

"నన్ను అండి అంటవేంది? జర నవ్వొస్తది." నవ్వింది కూడా. తీగ కొసను రెండు వేళ్ల మధ్య పట్టుకుని నాకు చూపించింది. "బిగవట్టొద్దు, ఇడిసిపెట్టొద్దు. పసిపిల్ల చెయ్యి వట్టుకున్నట్టు వట్టుకోవాలె. గప్పుడు తెగది."

ఆ యంత్రం మీటరుకు మూడంకెలే. తొమ్మిది వందల తొంభై తొమ్మిది దాటగానే మళ్లీ సున్నాలు. వేలు ఎన్నయ్యాయో నోటితో లెక్కపెట్టుకోవాల్సిందే. నాకు ఎనిమిది వేలు కావాలి. నోటిలెక్క మీద నమ్మకం లేక, నేనొక కాగితం తీసుకుని ఆమె అంకె చెప్పినప్పుడల్లా గీత గీస్తానని కూర్చున్నాను. సున్నాలు మొదటిసారి తిరగగానే ఆమె "లాభం" అంది. దేవుణ్ణి తలుచుకుందేమో అనుకుని ఊరుకున్నాను. తర్వాత యంత్రాల మోతలో మాట వినపడక, పెదవులు కదిలినప్పుడల్లా గీత పెట్టాను.

"ఎనిమిది. అయిపోయింది సారూ."

కాగితం మీద గీతలు ఏడే ఉన్నాయి. "ఇంకొకటి ఉందండీ" అన్నాను.

ఆమె చెయ్యి ఆగింది. కాగితం వంక చూసింది, నా వంక చూసింది. "గట్లనా? నువ్వు రాసుకున్నవ్ గద" అని ఇంకో వెయ్యి చుట్టింది. రెండో కాయిల్ మొదలుపెట్టేసరికి ప్రభాకర్ గారు నన్ను టీకి తీసుకెళ్లారు. తిరిగొచ్చేసరికి అది పూర్తయి బల్ల మీద ఉంది.

ఇంటికొచ్చి బిగిస్తే సన్న తంత్రులు అరుస్తున్నాయి, లావువి గొణుగుతున్నాయి, వెనకాల తేనెటీగల రొద. మల్టీమీటరు పెట్టి చూస్తే రెండు కాయిళ్లకూ పొంతన లేదు. ఒకటి నేను దగ్గరుండి గీతలు పెట్టి చుట్టించింది, ఇంకొకటి నేను లేనప్పుడు చుట్టింది. తప్పు ఎక్కడుందో ఆలోచించే పనే లేదనుకున్నాను. నేను పట్టిన కుందేటికి మూడే కాళ్లు. మర్నాడు ఆరాధన అయ్యాక ప్రభాకర్ గారితో అనేశాను, "మీ సుగుణమ్మ లెక్క తప్పిందండీ, నేను టీకి వెళ్లిన కాసేపట్లో." పెద్ద విషయంగా అనలేదు. వాతావరణం గురించి మాట్లాడినట్టే అన్నాను. వాళ్ల సరుకు ఒక లోడు చుట్లు తక్కువై వాపసు వచ్చిందనీ, చుట్టిందెవరో తేలక ఆయన ఓనరు ముందు తల దించుకుంటున్నారనీ నాకు తెలియదు.

తర్వాతి శనివారం కాయిళ్లు రెండూ పట్టుకుని వెళ్తే కిటికీ పక్క కుర్చీలో వేరే ఆవిడ ఉంది. సుగుణమ్మ లోపలి గదిలో నిలబడి డబ్బాలు సర్దుతోంది. ప్యాకింగులో కుర్చీలుండవు, పొద్దస్తమానం నిలబడే పని. నన్ను చూసి తల ఊపి, పని ఆపకుండా ఒక్కో డబ్బా అట్టపెట్టెలో పెడుతూ లెక్కపెడుతోంది. "లాభం, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు, ఆరున్నొక్కటి, ఎనిమిది."

లాభం అన్నప్పుడు ఆమె చేతిలో ఒక డబ్బా ఉంది.

"లాభం అంటే ఒకటా?" అన్నాను. అండి అనడం కూడా మరిచిపోయాను.

"మరేంది సారూ? ఒకటంటే ఒక్కటే అయితది, లాభం అంటే పెరుగుతది. ఏడు అనొద్దు, ఏడుపు. మా ఇంట్ల వడ్లు కొలిస్తే గిట్లనే అంటం. నీకు తెల్వదా?"

తెలియదు. మా ఇంట్లో బియ్యం బస్తాల్లో వచ్చేవి. ఆ క్షణంలో నాకు కలిగింది సిగ్గే, దానికి వేరే పేరు లేదు. ఆమె రెండు కాయిళ్లలో ఏ తప్పూ లేదు. లాభానికి నేను గీత పెట్టలేదు, తప్పల్లా నేను కలిపించిన ఆ వెయ్యిదే.

ప్రభాకర్ గారి దగ్గరికి వెళ్లి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఓనరుకి ఆవిడ పేరే చెప్పేశాను బ్రదర్. ఆ మిషన్ మీద కొత్తావిడ కుదురుకుంది కూడాను. ఇప్పుడు నా మాటే తప్పని ఎలా వెళ్లి చెప్పమంటారు?" అన్నారు. అయితే నేనే చెబుతానని ఓనరు గదిలోకి వెళ్లాను. ఆయన అంతా విని, చూద్దాం లెండి అన్నాడు. ఆ 'చూద్దాం' ఎలాంటిదో గుమ్మం దాటకముందే అర్థమైంది.

సుగుణమ్మ దగ్గరికి వచ్చి, "తప్పు నాదండీ, మీది కాదు" అన్నాను.

"లెక్కన్నంక తప్పుతది సారూ. నా లెక్క గూడ ఎన్నడన్న తప్పుతది. ఆయనకు చెప్పేముంగట నన్నొక్క మాట అడగకపోతివి. ఎట్ల లెక్కవెట్టినవ్ సుగుణమ్మా అంటే చెప్తుంటి గద." గొంతు పెంచలేదు. అట్టపెట్టె మూసి తాడు కట్టింది. "ఏదీ, ఆ కాయిలు ఇటు తే."

కొత్తావిడ అన్నానికి లేచింది. సుగుణమ్మ తన పాత కుర్చీలో కూర్చుని, ఎక్కువైన వెయ్యి చుట్లను వెనక్కి విప్పింది. తీగ ఒక్కసారి కూడా తెగలేదు. నా చేతిలో కాయిల్ పెట్టి, కొత్తావిడ వచ్చేలోపు కుర్చీని ఉన్నచోటికి జరిపి లోపలికి వెళ్లిపోయింది.

ఈస్టర్ నాడు బేస్ బాగా మోగింది. పాస్టరు గారు అందరి ముందూ మెచ్చుకున్నారు. ప్రభాకర్ గారూ నేనూ ఒకరి ముఖం ఒకరం చూసుకోకుండా పాట పూర్తిచేశాం.

ఆ తర్వాత ఉద్యోగంలో చాలామందికి పైవాడినయ్యాను. ప్రోగ్రాము ఎక్కడ చెడినా, ఎవరి మీద ఫిర్యాదు వచ్చినా, లేచి వెళ్లి ఆ మనిషి పక్కన కుర్చీ లాక్కుని "ఎలా చేశావో నాకు చూపించు" అంటాను. ఇంత నెమ్మదైతే కష్టమని నా వెనకాల అనుకుంటారని తెలుసు. ఆమె మళ్లీ మిషన్ మీదికి వచ్చిందా అని ప్రభాకర్ గారిని చాలాకాలం అడుగుతూ వచ్చాను. అడిగిన ప్రతిసారీ ఆయన లేదనే చెప్పారు.