కొత్త ఇనుముకు నూనె

మొన్న ఆదివారం కరీంనగర్‌లో మా చిన్నల్లుడు వాకిట్లోనే కారును లేపి, ముందు చక్రాలు విప్పి, అరిగిన బ్రేకు డిస్కులూ ప్యాడ్లూ మారుస్తుంటే పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. కొత్త డిస్కుకు తుప్పు పట్టకుండా పూసి పంపిన నూనెను అతను ఏదో డబ్బాతో స్ప్రే కొట్టి తుడిచేశాడు. తుడిచిన ఆ ఇనుము తళతళమనగానే నాకు మా అత్త గుర్తొచ్చింది. మీ ఇండ్లలోనూ కొత్త కొడవలికి నూనె రాసి మొక్కిన పెద్దవాళ్లు ఉండే ఉంటారు, అందుకే మీతో చెప్పుకుంటున్నాను.

బొగ్గుబాయి క్వార్టర్లలో ఉన్నప్పటి మాట ఇది. మా ఆయన బాయి పనికి పోయేవాడు, మా మరిది అద్దె కారు నడిపేవాడు. హుజూరాబాద్ దిక్కు పల్లెలో పుట్టి పెరిగిన మా అత్త, ఇంట్లోకి కొడవలి వచ్చినా కత్తిపీట వచ్చినా, నువ్వుల నూనె రాసి మొక్కనిదే ఎవరినీ ముట్టనిచ్చేది కాదు.

బ్రేకు తొక్కితే గరగరమని ఇనుము కోసుకుపోతున్న చప్పుడు రావడంతో, ఒక సెలవు రోజు అన్నదమ్ములిద్దరూ మా క్వార్టర్ ముందే పని పెట్టుకున్నారు. జాకీతో లేపి, కింద బండలు పెట్టి, తుప్పుతో కరుచుకుపోయిన పాత డిస్కులను సుత్తితో కొట్టి ఊడదీశారు. కొత్తవాటి నూనెను మా ఆయన పెట్రోలు గుడ్డతో తుడుస్తుంటే అత్త గడపలో నిలబడి కోపం చేసింది.

"కొత్త ఇనుముకున్న నూనె తుడుస్తరార ఎవలన్న? గిదేం తెలివిరా మీది?"

"గిది నీ కొడవలి గాదే అవ్వా! జర అన్నం పెట్టుపో, ఆకలైతుంది," అని మరిది నవ్వాడు.

ఎందుకు తుడుస్తున్నారో మాత్రం ఇద్దరిలో ఒక్కరూ చెప్పలేదు. ప్యాడ్లు బిగించి, చక్రాలు ఎక్కించకుండానే అన్నానికి లోపలికి వచ్చారు. నేను వడ్డిస్తున్నాను, అత్త వాకిట్లోనే ఉండిపోయింది.

సాయంత్రం మరిది ఒక చక్కర్ కొట్టి వచ్చి బ్రేకు సరిగా పట్టడం లేదన్నాడు. "కొత్తయి గదా వదినా, రెండు దినాలైతే అవే పట్టుకుంటయ్, ఏం ఫికర్ చెయ్యకు," అని మళ్లీ నాకే ధైర్యం చెప్పాడు. మా ఆయన కూడా అదే అనుకున్నాడు.

తెల్లారి మరిది జైనూర్‌లో మనుషులను దించి, ఒక్కడే తిరిగి వస్తూ, ఘాటు దిగేచోట కారు ఆగక లోయలో పడి చనిపోయాడు. పెండ్లి కూడా కాని పిల్లవాడు.

దినాలు అయినాక నలిగిన కారును తెచ్చి క్వార్టర్ ముందు పడేశారు. మా ఆయన ముందు చక్రం విప్పాడు. గుప్పుమని మాడిన నువ్వుల నూనె వాసన కొట్టింది. ప్యాడ్లు నల్లగా, జిడ్డుగా ఉన్నాయి; ఆ జిడ్డుకే బ్రేకు పట్టక జారిపోయింది. ఆయన నా వైపు చూశాడు, నేను ఆయన వైపు చూశాను. అప్పుడే అత్త గోడ పట్టుకుని నడుస్తూ వచ్చింది.

"ఏం చెడిందిరా దానికి? మీరు తింటుంటె నేను రెండు దిక్కుల నూనె రాసి మొక్కిన గదరా కొడుకా. దేవుడు ఎందుకు కాయలేదురా?"

మా ఆయన పెట్రోలు గుడ్డ అందుకుని, తల ఎత్తకుండా ఆ డిస్కును తుడుస్తూనే, "బ్రేకు పైపు పలిగిందే అవ్వా. ఎవ్వల చేతుల లేదు," అన్నాడు.

అత్త నమ్మింది. బతికినన్నాళ్లూ కొత్త ఇనుముకు నూనె రాస్తూనే ఉంది, రాసినప్పుడల్లా ఆనాడు మొక్కు సరిగా మొక్కలేదేమోనని చిన్నకొడుకును తలచుకుని ఏడ్చేది. మా ఆయన మళ్లీ ఏ బండి చక్రమూ విప్పలేదు. ఇప్పుడు ఆమె లేదు, ఆయనా లేడు.

ప్యాడ్లు బిగించి, మా అల్లుడు చేతులు కడుక్కొని వచ్చి, "అత్తమ్మా, అన్నం తిందాం పా," అన్నాడు. నువ్వు తిని రా బిడ్డా అన్నాను. ఇప్పుడు కొత్త ఇనుము అట్టపెట్టెలో వస్తుంది, దానికి నూనె రాసి మొక్కే చెయ్యి మా ఇంట్లో ఒక్కటీ మిగల్లేదు. అయినా అతను తిరిగి వచ్చి చక్రాలు ఎక్కించేదాకా నేను కుర్చీ విడిచి లేవలేదు.