వేపాకుల తాడు జరిగిన రోజు

నా చిన్నప్పుడు మా ఊరు ఏడాదికొకసారి ఒక పగలంతా ఖాళీ అయిపోయేది. చొప్పదండికి కాస్త లోపలగా ఉండే చిన్న పల్లె మాది. విత్తనాలు పెట్టాక, వానలు బాగా పడాలని పెద్దలు ఒక రోజు చూసి చెప్పేవారు. ఆ రోజు ఊళ్లో పొయ్యి వెలగకూడదు, మనిషన్నవాడు మిగలకూడదు. వాకిళ్లు ఊడ్చి, తలుపులు బార్లా తెరిచిపెట్టి, బియ్యమూ గిన్నెలూ నెత్తికెత్తుకొని అందరం మామిడితోటకు పోయేవాళ్లం. అక్కడే వంట, అక్కడే తిండి. పోచమ్మకు పూజ చేసే కుమ్మరి తాత ఊరి మొదట్లో దారికి అడ్డంగా వేపాకుల తాడు కట్టేవాడు. దీపాల వేళ ఆయన విప్పితేనే మళ్లీ లోపలికి రావాలి. ఆ ఒక్క రోజూ ఊరు మనల్ని మరిచిపోయి కంటినిండా నిద్రపోతుందని మా బాపమ్మ చెప్పేది. బాపమ్మ అంటే మా బాపును, అంటే మా నాన్నను, కన్నతల్లి. ఆమె చెప్పిందల్లా నిజమేనని నమ్మే వయసు నాది.

ఆ ఏడు బాపమ్మ మంచంలో ఉంది. ఎండాకాలంలో బావి గట్టున జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. పక్కకు ఒత్తిగిల్లినా ప్రాణం పోయినట్టు అరిచేది. బయట చూస్తే మబ్బు జాడ లేదు. పెట్టిన మక్కజొన్న గింజలు మట్టిలోనే ఎండిపోతున్నాయి. ఊళ్లో ఎవరి మొహం చూసినా దిగులే.

ఊరు విడిచే పొద్దున మగవాళ్లు నలుగురు వచ్చి మంచం కోళ్లు పట్టుకున్నారు. జానెడు పైకి లేపారో లేదో, బాపమ్మ పెట్టిన కేకకు నేను తలుపు చాటుకు పారిపోయాను. మా బాపు మంచం దింపించేశాడు. “మా అవ్వను గదిలిచ్చేది లేదు. నేను గూడ ఈన్నే ఉంట” అన్నాడు. మంచం పట్టుకున్నవాళ్లలో ఒకాయన గొంతు లేచింది. “ఒక్క పాణమున్నా ఊరు ఇడిసినట్టు గాదు. రేపు వాన రాకపోతే ఎవలననాలె?” ఆయన్నీ తప్పు పట్టలేను, ఆయన చేనూ ఎండుతోంది. బాపమ్మ మాత్రం, నా పాణం బోతే పాయె, లేపుండ్రి బిడ్డా అని ఏడుస్తోంది. ఆమె కళ్లనీళ్లు చూడటం నాకు అదే మొదటిసారి.

కుమ్మరి తాత అప్పటికే తాడు భుజాన వేసుకొని వాకిట్లో నిలబడి ఉన్నాడు. మా ఇల్లు ఊరి మొదట్లో కాదు, నాలుగైదిళ్లు దాటాక వస్తుంది. ఆయన ఊరి మొదటికి పోవాల్సినవాడు వెనక్కి తిరిగి, మా గోడ దాటి లోపలివైపు నడిచాడు. అక్కడ తాడు ఒక కొస ఒక ఇంటి గుంజకు, రెండో కొస ఎదురింటి గుంజకు ముడివేశాడు. “ఇయ్యాల ఊరు గిక్కడికే. ముసలామె ఊరవుతలున్నది. ఇగ నడువుండ్రి” అన్నాడు.

అందరూ బిత్తరపోయి చూశారు. పొలిమేర జరపడానికి నువ్వెవరని ఎవరో గట్టిగానే అడిగారు. తాత ముడి బిగిస్తూనే జవాబు చెప్పాడు. “కట్టింది నేను. పోచమ్మ తల్లికి కోపమొస్తె నా మీదికే రానియ్యుండ్రి.” ఆ మాటతో అడిగినవాళ్లు వెనక్కి తగ్గారు. పక్కింటి అక్కకు మాత్రం అసలు సందేహం వచ్చింది. ఆమె ఇల్లు కూడా ఇప్పుడు ఊరవతలే కదా, మరి తన పొయ్యి తాను ముట్టించుకోవచ్చా అని అడిగింది. బాపమ్మ ఏడుపులోనే నవ్వింది.

ఆ పగలు నాకు ఇప్పటికీ కల కన్నట్టే ఉంటుంది. తోటకు పోయిన ఆడవాళ్లు కొందరు తిరిగొచ్చి మా వాకిట్లోనే మూడు రాళ్ల పొయ్యిలు పెట్టారు. నేను తాడు పక్కన కూర్చొని ఊళ్లోకి చూస్తూ ఉండిపోయాను. తెరిచిన తలుపులు గాలికి మెల్లగా కదులుతున్నాయి. నడివీధిలో ఒక కోడి తన పిల్లలతో తీరిగ్గా నడుస్తోంది. రోజూ నేను ఉరికే వీధే అది, ఎన్నడూ చూడని చోటులా ఉంది. లోపలినుంచి బాపమ్మ, “ఎట్లున్నదే బిడ్డా ఊరు?” అని అడిగింది. పండుకున్నది అన్నాను. ఆమె తృప్తిగా కళ్లు మూసుకుంది.

వాన ఆ రోజు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. మా బాపు నలుగురిలోకి పోవడానికి జంకేవాడు. అప్పుడు కుమ్మరి తాత రోజూ పొద్దున్నే వచ్చి మా అరుగు మీద కూర్చొనేవాడు. మమ్మల్ని మాటలనేవాళ్లు ముందు తనను దాటి రావాలని ఆయన పట్టుదల. చివరికి వాన వచ్చినప్పుడు కూడా ఆయన మా అరుగు మీదే ఉన్నాడు. తడుస్తూనే కూర్చున్నాడు, గొప్ప చెప్పుకోలేదు. మక్కలు కంకి పట్టేనాటికి బాపమ్మ పోయింది. తన మంచంలోనే, నిద్రలోనే పోయింది.

నన్ను ఈ ఊళ్లోనే ఇచ్చారు, ఇక్కడే ముసలిదాన్నయ్యాను. ఊరు విడవడం ఇంకా సాగుతోంది, ఇప్పుడు తోటకు ట్రాక్టర్ల మీద పోతున్నారు. ఈ ఏడు మోకాళ్లు మొరాయించి నేనే లేవలేకపోయాను. మా అత్తవారిల్లు నడి ఊళ్లో ఉంటుంది. నా కోసం పెద్ద రగడే అవుతుందని రాత్రంతా భయపడ్డాను. పొద్దున్నే ఆ తాత మనవడు తాడు భుజాన వేసుకొని వచ్చాడు. నన్నేమీ అడగలేదు. మా ఇల్లు దాటి ఇంకా లోపలికి నడిచాడు. సగం ఊరు ఊరవతలికి వచ్చేసింది, ఒక్కరూ కాదనలేదు. నాకు దుఃఖం ఆగలేదు. కాసేపటికి తేరుకొని, తాడు దగ్గర కూర్చున్న మనవరాలిని పిలిచి, ఊరు ఎట్లున్నదే బిడ్డా అని అడిగాను.